ఇల్లే బడి అయితే మొదటి అడుగు ఎక్కడ?

కోల్‌కతా కూరగాయల మార్కెట్లలో కొందరు పరిశోధకులు మామూలు కొనుగోలుదారుల్లా తిరిగారు. అమ్ముతున్నది పిల్లలైతే ఆగి, కాస్త చిక్కు లెక్క వచ్చేలా సరుకు అడిగేవారు. కిలో 20 రూపాయల చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు, కిలో 15 రూపాయల చొప్పున కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు. మొత్తం ఎంతయిందో చెప్పమని, తర్వాత 200 నోటు చేతికిచ్చేవారు. మొత్తం 37 రూపాయలు, తిరిగి ఇవ్వాల్సింది 163. పెన్నూ కాగితం లేకుండానే పిల్లలు లెక్క తేల్చేవారు. రెండో ప్రయత్నానికల్లా నూటికి 95 సార్లకు తగ్గకుండా సరిగ్గా చెప్పారు.

తర్వాత అదే పిల్లలకు బడిలో ఇచ్చే తరహా లెక్కలు కాగితం మీద ఇచ్చారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే కోల్‌కతాలో చేయగలిగినవారు మూడో వంతుకు మించలేదు. ఇక దగ్గర్లోని బడుల్లో చదువుతూ, మార్కెట్ పని తెలియని పిల్లల్ని పరీక్షిస్తే కథ తిరగబడింది. కాగితం మీది చిన్న లెక్కల్లో వాళ్లదే పైచేయి. కానీ మార్కెట్ పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన ఒక బేరం లెక్కను బడి పిల్లల్లో సరిగ్గా చేసింది ఒక్క శాతమే. కోల్‌కతా, ఢిల్లీలలో 1,436 మంది మార్కెట్ పిల్లలు, 471 మంది బడి పిల్లలపై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన ఈ అధ్యయనం 2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఇది పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లలపై 1985లో వెలువడిన అధ్యయనంలో, బేరంలో 98 శాతం లెక్కలు సరిగ్గా చేసిన పిల్లలు అవే అంకెలను కాగితం మీద ఇస్తే 37 శాతమే చేయగలిగారు. అక్కడ పరీక్షించింది ఐదుగురినే. ఇక్కడ వందల మంది.

ఈ పరిశోధన బడుల కోసం చేసింది. అయినా పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకోవాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు ఇంతకన్నా పనికొచ్చే ఫలితం ఈ మధ్య రాలేదు. ఇంటి చదువు మొదలుపెట్టేవారిని రెండు దారులు లాగుతుంటాయి. ఒకటి, బడిని యథాతథంగా ఇంటికి తేవడం. గోడకు టైంటేబుల్, 40 నిమిషాల పీరియడ్లు, తెల్లబోర్డు, చివరికి హోంవర్కు కూడా. ఇంట్లోనే చదువుతున్న పిల్లాడికి హోంవర్కు ఏమిటో! రెండోది దీనికి పూర్తిగా ఎదురు. పుస్తకాలు పక్కన పెట్టేసి, వంటిల్లు, పెరడు, బజారు అన్నీ నేర్పుతాయని నమ్మడం. మొదటి దారిలో పిల్లలు బడి పిల్లల్లాగే కాగితం దగ్గర ఆగిపోవచ్చు. రెండో దారిలో మార్కెట్ పిల్లల్లాగే కాగితం దాకా రాకపోవచ్చు. అనుభవం నుంచి రాతకీ, రాత నుంచి అనుభవానికీ పిల్లలు వాళ్లంతట వాళ్లు దాటరని ఈ అంకెలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఆ దాటించే పని చేయాలి. ఇంటి చదువులో తల్లికో తండ్రికో పడే అసలు పని అదే.

ముప్పావు కిలో పాఠం

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. టమాటా కిలో 28 రూపాయలు. ముప్పావు కిలో కావాలి. తొమ్మిదేళ్ల పాప బజారులో ఏం చేస్తుంది? అరకిలో 14, పావుకిలో 7, మొత్తం 21 అంటుంది. ఎవరూ నేర్పకుండానే చాలామంది పిల్లలు ఈ పద్ధతి పట్టేస్తారు. చాలా ఇళ్లలో పాఠం ఇక్కడితో ఆగుతుంది. ‘చూశారా, బజారే లెక్కలు నేర్పేసింది’ అని సంతోషిస్తారు.

ఇంటికొచ్చాక ఇంకో పది నిమిషాలు కావాలి. పాప చెప్పిందే కాగితం మీద పెట్టాలి. అర అంటే 1/2, పావు అంటే 1/4. రెండూ కలిపితే 3/4. అంటే ‘ముప్పావు’ అనే మాటలోనే మూడు పావులున్నాయి. ఇప్పుడు 28ని 4తో భాగించి 3తో గుణిస్తే ఎంత? మళ్లీ 21. తూకం యంత్రం మీద కనిపించిన 750 గ్రాములను 1000తో భాగిస్తే 0.75. దాన్ని 28తో గుణిస్తే? అదే 21. మూడు దారులూ ఒకే చోటికి చేరడం పాప కళ్లారా చూడాలి. రేపు తారుమారు చేయాలి. కాగితం మీద 36 × 3/4 అని రాసి, ‘దీనికి ఒక బేరం కథ చెప్పు’ అని అడగాలి. కథ చెప్పలేకపోతే గుర్తులు వచ్చాయి, అర్థం ఇంకా రాలేదని లెక్క.

తెలుగువారికి ఈ విషయంలో భాష చేసే సాయం తక్కువేం కాదు. పావు, అర, ముప్పావు, కిలోన్నర అన్నవి భిన్నాల పేర్లే. పాతకాలం లెక్కల్లో పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. ‘వీసమెత్తు నిజం లేదు’ అనే అమ్మమ్మ నోట వచ్చేది 1/16. సగాన్ని సగం చేస్తూ పోతే పావు, పరక, వీసం వరసగా వస్తాయి. ఇంగ్లిష్ మాధ్యమం పుస్తకంలో ‘వన్ బై ఎయిట్’ అని బట్టీ పట్టే పిల్లలకు ఈ మాటలు ఇంట్లోనే దొరికే బోధన సామగ్రి.

చట్టం ఏమంటోంది?

ఈ ప్రశ్న వెంటనే వస్తుంది కాబట్టి క్లుప్తంగా. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం చట్టంలో లేదు. నిర్బంధం అన్న మాటను చట్టం ప్రధానంగా ప్రభుత్వానికే వర్తింపజేసింది. మామూలు పిల్లలకు ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించిందీ లేదు, నిషేధించిందీ లేదు. చట్టంలో ఇంటి దగ్గర విద్య అన్న మాట స్పష్టంగా కనిపించేది ఒక్కచోటే. బహుళ వైకల్యాలు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్దే విద్యను ఎంచుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది.

దేశాన్ని బట్టి ఈ గీత మారిపోతుంది. జర్మనీలో పిల్లలు బడికి హాజరు కావడం తప్పనిసరి. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, నిబంధనలు మాత్రం రాష్ట్రానికి ఒక తీరు. అక్కడి తెలుగు కుటుంబాలు పాటించే పద్ధతి చెప్పి ఇక్కడి బంధువులు దాన్నే అనుసరిస్తే ఉపయోగం ఉండదు. నోటీసు ఎవరికివ్వాలి, ఏటా ఏ పరీక్ష రాయించాలి అన్న వివరాలన్నీ అక్కడివే.

చట్టం కన్నా ముందు చూసుకోవాల్సిన తేడా ఒకటుంది. బడి మాన్పించి ఇంట్లో ఉంచడం ఇంటి చదువు కాదు. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిపోయిన పన్నెండేళ్ల అమ్మాయికీ, ఇంట్లో చదువుకుంటున్న పన్నెండేళ్ల అమ్మాయికీ మధ్య తేడా ఒక్కటే. రెండో అమ్మాయితో రోజూ కూర్చునే పెద్దమనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి సమయానికి ఖర్చు ఉంది. మన ఇళ్లలో ఆ ఖర్చు ఎక్కువగా తల్లి ఉద్యోగం రూపంలో, తల్లి నిద్ర రూపంలో తీరుతుంది. నాన్న నిర్ణయం, అమ్మ అమలు అన్న పద్ధతిలో మొదలయ్యే ఇంటి చదువు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. వారంలో ఏ రోజు ఎవరు, ఏ విషయం ఎవరు అన్నది పాఠ్యపుస్తకాలు కొనకముందే తేలాలి. ఇద్దరికీ వీలు కాకపోతే బడే మంచిది. పేద కుటుంబాల పిల్లలకు బడి అంటే మధ్యాహ్న భోజనం కూడా. దాన్ని వదులుకోమని ఎవరూ సలహా ఇవ్వకూడదు.

తరగతి కాదు, మెట్టు

బడి మాన్పించిన మర్నాడు తల్లిదండ్రులు సాధారణంగా చేసే పని, పిల్లాడి తరగతి పుస్తకాలు తెరిచి మొదటి పాఠం మొదలుపెట్టడం. పిల్లాడు నాలుగో తరగతి కాబట్టి నాలుగో తరగతి పుస్తకం. ఇక్కడ దేశంలోని బడులు నేర్చుకున్న పాఠం ఒకటి గుర్తు చేసుకోవాలి. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు దాదాపు 27 శాతం. అంటే పిల్లాడు కూర్చున్న తరగతి ఒకటి, నిలబడ్డ మెట్టు ఇంకొకటి. ఫీజులు కట్టే బడుల పిల్లలు దీనికి అతీతులేమీ కారు. వాళ్ల నోటుపుస్తకాలు అందంగా ఉంటాయి, అంతే.

దీనికి విరుగుడుగా ప్రథమ్ రూపొందించిన పద్ధతి సూటిగా ఉంటుంది. వయసునూ తరగతినీ పక్కన పెట్టి, పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, అక్కడి నుంచి నేర్పడం. బెనర్జీ, డఫ్లో బృందం ఏళ్ల తరబడి యాదృచ్ఛిక ప్రయోగాలతో పరీక్షించిన పద్ధతుల్లో ఇదొకటి. 2019లో వారిద్దరికీ, మైకేల్ క్రెమర్‌కూ అర్థశాస్త్ర నోబెల్ వచ్చిన పరిశోధన పరంపరలో దీనికీ చోటుంది. నలభై మంది ఉన్న తరగతిలో దీన్ని అమలు చేయడం టీచరుకు కష్టం. ఇంట్లో ఒక్కరే ఉంటారు.

అసర్ వాడే పరీక్ష ఇంట్లో పది నిమిషాల పని. చదవడంలో నాలుగు మెట్లు: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. లెక్కల్లో ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. కోల్‌కతా పిల్లలు తడబడింది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. పరీక్ష అని చెప్పకుండా, తప్పులు దిద్దకుండా, ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటే చాలు. ఐదో తరగతి అబ్బాయి తీసివేత దగ్గరే ఆగిపోతే గాభరా పడి ట్యూషన్ వెతకనక్కర్లేదు. పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది, అంతే.

తెలుగు చదవడం విషయంలో ఇంకో మాట. ఇంటి చదువుపై ఇంగ్లిష్‌లో వచ్చిన పుస్తకాలు 26 అక్షరాలు, వాటి ధ్వనులు, కొన్ని నెలల సాధన అన్న లెక్కలో మాట్లాడతాయి. తెలుగు లిపి నిర్మాణం వేరు. అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, సంయుక్తాక్షరాలు. పిల్లల కళ్ల ముందుకొచ్చే వేర్వేరు ఆకారాలు వందల్లో ఉంటాయి. దాదాపు ఇదే తీరులో ఉండే కన్నడ లిపిపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు అక్షరాలన్నీ పట్టుకునే పని నాలుగో తరగతి వరకూ సాగుతూనే ఉంటుందని తేలింది. కాబట్టి ఏడేళ్ల పాప ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ దగ్గర ఆగిందంటే వెనుకబడిందని కాదు. గుణింతాల పట్టిక వందసార్లు రాయించడం కన్నా, ఒత్తులు తక్కువున్న చిన్న కథలు చాలా చదివించడం మేలు. స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. రెండు భాషల మధ్య నలిగే ఇళ్లలో ఆ పుస్తకం విలువ ఎక్కువ.

ఒక్కరికి ఒక్కరు

ఇంటి చదువును సమర్థించేవారు తరచూ తెచ్చే అంకె ఒకటుంది. అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసం ప్రకారం, ఒక్కరికి ఒక్కరు చొప్పున బోధిస్తే సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోతాడు. గణాంకాల భాషలో రెండు సిగ్మాల తేడా. ఆ అంకె ఇద్దరు పరిశోధక విద్యార్థుల ప్రయోగాల నుంచి, కొద్ది వారాల పాఠాల నుంచి వచ్చింది. ఆ ప్రయోగాల్లో బోధించినవారు ఒక పాఠం పూర్తిగా వచ్చేదాకా రెండోదానికి వెళ్లలేదు. తర్వాతి కాలంలో కర్ట్ వాన్‌లేన్ 2011లో చాలా అధ్యయనాలను కలిపి చూస్తే తేడా 0.79 సిగ్మాలుగా తేలింది. నూరుమంది తరగతిలో మధ్యలో ఉన్న పిల్లవాడు 98 మందిని కాదు, దాదాపు 78 మందిని దాటుతాడు. ఇదీ చిన్నదేం కాదు.

కానీ ఇక్కడ పనిచేస్తున్నది ఒంటరిగా చెప్పడం కాదు, తప్పు పుట్టిన చోటే పట్టుకోగలగడం. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిన పిల్లాడిని చూసి టీచరు తప్పు కొట్టి ముందుకు వెళ్తాడు. వేరే దారి లేదు, ఇంకా 39 పుస్తకాలున్నాయి. పక్కనే కూర్చున్న అమ్మ ‘ఎలా చేశావో చెప్పు’ అనగలదు. పిల్లాడు ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీసేశాడని అప్పుడు బయటపడుతుంది. అది నిర్లక్ష్యం కాదు, ‘పెద్దదాంట్లోంచి చిన్నది’ అని వాడు సొంతంగా కట్టుకున్న నియమం. దాన్ని పది పైసల కట్టలతోనో, చీపురుపుల్లల కట్టలతోనో విప్పాలి. అంత దగ్గరగా కూర్చోగలిగితే కూర్చోబెట్టి చెప్పే పని రోజుకు ఒకటి రెండు గంటలు మించనక్కర్లేదు, అదీ చిన్న చిన్న విడతల్లో. ఆరు గంటలూ కూర్చోబెట్టి, అందులో ఐదు గంటలు ఫోన్‌లో వీడియోలు చూపించే ఇంటికి ఒక్కరికి ఒక్కరు అన్న లాభం రాదు.

గుర్తుండడం గురించి కూడా ఇంట్లో తేలిగ్గా వాడుకోదగ్గ శాస్త్రం ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు. కొందరు రెండోసారి చదివారు. మిగతావారు చదవడం ఆపి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత పరీక్షిస్తే మొదటివారికి 42, రెండోవారికి 56. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, నిలిచేది మాత్రం బుర్రలోంచి బయటకు లాగినప్పుడే. చిన్నపిల్లలకు ఖాళీ కాగితం ఇచ్చి ‘గుర్తున్నది రాయి’ అంటే బిక్కమొహం వేస్తారు. వాళ్లకు ప్రశ్న, సగం గీసిన బొమ్మ, ‘నిన్నటి కథ చెల్లికి చెప్పు’ అన్న పని సరిపోతాయి. అదీ అదే రోజు కాక మర్నాడు, మళ్లీ నాలుగు రోజులకు, మళ్లీ రెండు వారాలకు. ఇలా ఎడంతో చేసే సాధన బలాన్ని 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు.

ఇదే సందర్భంలో పక్కన పెట్టాల్సినది కూడా ఉంది. ‘మా వాడు చూసి నేర్చుకునే రకం, మా పాప విని నేర్చుకునే రకం’ అన్న మాట ఇంటి చదువు కుటుంబాల్లో బాగా వినిపిస్తుంది. ఆ రకాన్ని బట్టి బోధన మారిస్తే చదువు మెరుగుపడుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. పటం చూసి నేర్చుకోవాల్సిన భూగోళాన్ని ఎవరైనా పటం చూసే నేర్చుకుంటారు. ఈ పేరుతో అమ్మే పరీక్షలకు, కిట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు.

తాడు, తాళం కప్ప, ఫోన్

ఇంటి చదువులో సైన్స్ అనగానే చాలామంది ప్రయోగశాల లేదని దిగులు పడతారు. హైస్కూలు దాకా కావాల్సిన ప్రయోగాలకు వంటింటి సామాన్లు చాలని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972 నుంచి మూడు దశాబ్దాల పాటు మధ్యప్రదేశ్ పల్లె బడుల్లో చూపింది. అందులోంచి బయల్దేరిన అరవింద్ గుప్తా చెత్త సామానుతో చేసే బొమ్మలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూసి చేసుకోవచ్చు. తెలుగులో జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రిక ఉండనే ఉంది. కొరత సామానుది కాదు. ప్రయోగం తమాషాగా అయిపోవడమే అసలు ఇబ్బంది. బేకింగ్ సోడా పొంగింది, చప్పట్లు కొట్టాం, అయిపోయింది.

తమాషా పాఠం కావాలంటే మధ్యలో రెండు పనులు చేరాలి. ముందు ఊహ, తర్వాత రాత. ఒక తాళం కప్పను తాడుకు కట్టి తలుపు గడియకు వేలాడదీయండి. గడియ నుంచి కప్ప మధ్యభాగం దాకా సరిగ్గా ఒక మీటరు. కొద్దిగా పక్కకు లాగి వదిలి, పది ఊపులకు ఎంత సమయం పట్టిందో ఫోన్‌లో చూడండి. దాదాపు 20 సెకన్లు. ఇప్పుడు రెట్టింపు బరువున్న కప్ప కడితే? కొలిచే ముందే పిల్లలు తమ ఊహ రాసి పెట్టాలి. ‘బరువైనది త్వరగా ఊగుతుంది’ అని ఎక్కువమంది రాస్తారు. కొలిస్తే మళ్లీ 20. ఆ నిమిషంలో పిల్లల మొహం మీద కనిపించే ఆశ్చర్యాన్ని పోనివ్వకూడదు. ఊహ రాయకుండా కొలిస్తే ఆ ఆశ్చర్యం రాదు, ‘నాకు ముందే తెలుసు’ అనేస్తారు.

తర్వాత తాడును పాతిక సెంటీమీటర్లకు కుదించండి. పొడవు నాలుగో వంతు అయింది కాబట్టి సమయం కూడా 5 సెకన్లు అవుతుందని ఊహిస్తారు. వచ్చేది 10. పొడవు నాలుగో వంతైతే సమయం సగమే తగ్గింది. మరి 50 సెంటీమీటర్లకు? 10కీ 20కీ మధ్య కదా, 15 అంటారు కొందరు. వచ్చేది 14కి కాస్త పైన. 10, 25, 50, 75, 100 సెంటీమీటర్లకు కొలిచి పట్టిక వేసి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత వంగుతుంది. పదేళ్ల పిల్లలకు వర్గమూలం అన్న మాట చెప్పనక్కర్లేదు, వంపు కనిపిస్తే చాలు. మూడేళ్ల తర్వాత వర్గమూలం పాఠం వచ్చినప్పుడు ఆ కాగితం బయటకు తీయవచ్చు. ఊయల ఊగడం దగ్గర మొదలై పట్టిక, గ్రాఫు దాకా వచ్చిన ఈ దారి, టమాటా లెక్కలో వేసిన దారే. పది ఊపులు ఎందుకు, ఒక్కటి కొలిస్తే చాలదా అని పిల్లలు అడిగితే ఇంకా మంచిది. వేలితో ఫోన్ నొక్కడంలో జరిగే ఆలస్యం పది ఊపులకు పంచుకుంటే పదో వంతవుతుంది. కొలతల్లో దోషం గురించి డిగ్రీలో చెప్పే పాఠానికి అది మొదటి పేజీ.

ఎవరితో ఆడతారు?

బంధువుల మొదటి ప్రశ్న ఇదే. అది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కూడా కాదు. అపార్ట్‌మెంటులో మిగతా పిల్లలంతా సాయంత్రం నాలుగింటిదాకా బడిలో, ఆరింటి నుంచి ట్యూషన్‌లో ఉంటే ఇంట్లో చదివే పిల్లాడికి మిగిలేది రెండు గంటలు. అందుకే పాఠాల ప్రణాళికలాగే మనుషుల ప్రణాళిక కూడా వేసుకోవాలి. వారానికి రెండు మూడు చోట్లయినా ఇంటివాళ్లు కాని పిల్లలు, ఇంటివాళ్లు కాని పెద్దలు ఉండాలి. ఆటల మైదానం, గ్రంథాలయం, సంగీతం క్లాసు, ఇలాంటి ఇతర కుటుంబాలు ఏవైనా సరే. బయటి పెద్దలు ఎందుకంటే, పిల్లల్లో వచ్చే మార్పును, చూపు మందగించడాన్ని, వినికిడి లోపాన్ని, అక్షరాలు తారుమారు కావడాన్ని, కొన్నిసార్లు ఇంట్లోని ఇబ్బందిని కూడా మొదట గమనించేది తరచూ ఇంటివాళ్లు కానివారే. బడిలో ఆ పని టీచర్లు చేస్తారు.

సర్టిఫికెట్ల దారి

ఇంటి చదువు ఎంత బాగా సాగినా పదో తరగతి దగ్గర దేశంలోని వ్యవస్థతో కలవాల్సిందే. ఆ తలుపు పేరు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్ఐఓఎస్. 1979లో సీబీఎస్ఈ ప్రాజెక్టుగా మొదలై, 1989లో స్వతంత్ర సంస్థ అయింది. 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిల గురించి 2020 జాతీయ విద్యావిధానం ప్రస్తావించింది. పదో తరగతికి చేరడానికి 14 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి. పరీక్షలు ఏటా రెండుసార్లు. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు ఉంటుంది కాబట్టి సబ్జెక్టులను ఒక్కొక్కటిగా పూర్తి చేయవచ్చు. పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. సైన్స్ తీసుకున్నవారికి ప్రాక్టికల్స్ ఉంటాయన్నది మరచిపోకూడదు.

పై చదువుల నిబంధనలు మాత్రం ఎప్పటికప్పుడు చూసుకోవాలి. 2018లో ఓపెన్ స్కూల్ విద్యార్థులు నీట్ రాయడానికి అనర్హులన్నారు. ఆ నిబంధనను అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. జాతీయ వైద్య కమిషన్ గుర్తింపుతో 2024లో ఆ వివాదం ముగిసింది. అంటే ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో పదహారు, పదిహేడేళ్లున్న పిల్లల మాటేమిటన్నది ఈ దారి ఎంచుకునే ప్రతి ఇంట్లోనూ అడగాల్సిన ప్రశ్న. 2016లో ముంబైకి చెందిన ఒక అమ్మాయి ఏడో తరగతి తర్వాత బడి మానేసి, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచి, అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందున ఐఐటీలో చేరే వీలు ఆమెకు లేదు. ఈ కథ ఇంటి చదువు సభల్లో గెలుపు కథగా తిరుగుతుంది. పతకాలు గెలవని పిల్లలకు అందులో పనికొచ్చే భాగం ఆ చివరి వాక్యమే.

మధ్యలో మనసు మారినా తలుపు మూసుకుపోదు. 6 నుంచి 14 ఏళ్ల మధ్య ఏ పిల్లలైనా బడికి వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలనీ, మిగతావారితో సమానంగా అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద పెట్టడానికి ఏదైనా ఉండాలి కాబట్టి మొదటి వారం నుంచే ఒక పుస్తకం నడపాలి. నెలకు రెండుసార్లు తేదీ వేసి పిల్లల చేతిరాతలో ఒక పేజీ, ఒక లెక్క, చదివిన కథల పేర్లు, చేసిన కొలతల పట్టిక అంటించాలి. దిద్దిన తప్పులు దిద్దినట్టే ఉండనివ్వాలి. ఎక్కడ ఆగాడో, ఎలా దాటాడో కొత్త టీచరుకు తెలిసేది వాటి వల్లే.